తెలుగునాట కంప్యూటర్ విద్యలో కోర్సు నమోదు, విద్యాసలహా: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

డిగ్రీ స్థాయి కంప్యూటర్ విద్యలో విద్యార్థి ఏ కోర్సును, ఎప్పుడు, ఎవరి సలహాతో ఎంచుకుంటాడన్న ప్రశ్నకు చరిత్ర ఉంది. అమెరికన్ విశ్వవిద్యాలయాలలో ఐచ్ఛిక విధానంతోపాటు సలహాదారు వ్యవస్థ ఏర్పడింది. పరీక్షే కేంద్రంగా రూపొందిన భారతీయ అనుబంధ కళాశాలల విధానంలో దాని అవసరం చాలాకాలం కనిపించలేదు. తెలుగు ప్రాంతంలో ఇంజనీరింగ్ విద్యార్థి ఎంపిక ప్రవేశ సమయానికే పరిమితమైంది. 2016 తరువాత నిబంధనావళులలో ఎంపిక, సలహాదారు రెండూ చోటుచేసుకున్నా, అరవైమంది సెక్షన్ అనే పాత చట్రం మారలేదు. 2020 తరువాత వచ్చిన కొత్త శాఖలు ఐచ్ఛికాన్ని మళ్లీ ప్రవేశ ద్వారం వద్దకే చేర్చాయి. ఈ పరిణామాన్ని విశ్లేషించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: విద్యాసలహా, కోర్సు నమోదు, ఐచ్ఛిక కోర్సులు, కంప్యూటర్ విద్య, జేఎన్‌టీయూ, కౌన్సెలింగ్, క్రెడిట్ విధానం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి వాడుకలో ‘కౌన్సెలింగ్’ అనే మాటకు ఒక ప్రత్యేకార్థం స్థిరపడింది. ఇంజనీరింగ్ ప్రవేశాల సందర్భంలో ఈ మాట సలహాను గాని, మార్గదర్శనాన్ని గాని సూచించదు. ర్యాంకు క్రమంలో సీటు కేటాయించే ప్రక్రియను మాత్రమే సూచిస్తుంది. ‘మొదటి కౌన్సెలింగ్‌లో సీటు రాలేదు, రెండో కౌన్సెలింగ్‌లో వచ్చింది’ అని తల్లిదండ్రులు చెప్పుకొనేటప్పుడు అక్కడ సలహా ఇచ్చినవారెవరూ ఉండరు. అదేవిధంగా ‘రిజిస్ట్రేషన్’ అనే మాట వినగానే మన కళాశాలల విద్యార్థికి స్ఫురించేది పరీక్ష రుసుము, ఆలస్య రుసుము, హాల్‌టికెట్. రాబోయే సెమిస్టర్‌లో తాను చదవదలచిన కోర్సులను ఎంచుకొని పేరు నమోదు చేసుకోవడమనే అర్థం దానికి ఆలస్యంగా, అసంపూర్ణంగా చేరింది.

ఈ అర్థపరిణామం కేవలం భాషావిశేషం కాదు. ఒక విద్యావ్యవస్థ దేనిని ఎంపికగా భావించింది, దేనిని భావించలేదు అన్నదానికి ఇది సాక్ష్యం. ఈ రెండు మాటలు తెలుగునాట తమ మూలార్థాలను ఎందుకు కోల్పోయాయి, ఆ నష్టాన్ని ఎవరు భరిస్తున్నారు అన్నవే ఈ వ్యాసంలోని ప్రశ్నలు. విశ్వవిద్యాలయ నిబంధనావళులు, ప్రవేశ చట్టాలు, వృత్తిసంఘాల పాఠ్యప్రణాళికలు దీనికి ప్రధానాధారాలు. పరిశీలన ముఖ్యంగా బీటెక్ కంప్యూటర్ శాఖలకు పరిమితం. సాధారణ డిగ్రీలోని కంప్యూటర్ గ్రూపులను అవసరమైన చోట ప్రస్తావించడం జరిగింది.

2. ఎంపికతో పుట్టిన సలహాదారు

పందొమ్మిదో శతాబ్దపు విశ్వవిద్యాలయాలను ఈ అంశం దృష్ట్యా రెండు తెగలుగా చూడవచ్చు. మొదటిది లండన్ నమూనా. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో స్థాపితమైన విశ్వవిద్యాలయాలు ఈ కోవకు చెందినవి. బోధన కళాశాలలది, పరీక్ష విశ్వవిద్యాలయానిది. ఎక్కడ చదివినా అందరూ ఒకే ప్రశ్నపత్రానికి సమాధానం రాయాలి. కనుక పాఠ్యాంశాలను నిర్ణయించే అధికారం పరీక్ష నిర్వహించే సంస్థకే ఉండేది. విద్యార్థికి ‘ఏది చదవాలి’ అన్న ప్రశ్న తలెత్తదు. ‘ఎలా ఉత్తీర్ణుడు కావాలి’ అన్న ప్రశ్నే మిగులుతుంది. ఆ రెండో ప్రశ్నకు సమాధానంగా సలహాదారు రాలేదు. గైడు పుస్తకం వచ్చింది.

రెండవది అమెరికన్ నమూనా. 1869లో హార్వర్డ్ అధ్యక్షుడైన చార్లెస్ విలియం ఎలియట్ నలభై సంవత్సరాల తన పదవీకాలంలో నిర్బంధ పాఠ్యక్రమాన్ని క్రమక్రమంగా తగ్గించి ఐచ్ఛిక విధానాన్ని విస్తరింపజేశాడు. 1876లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం తొలినాళ్లలోనే విద్యార్థులకు సలహాదారు అధ్యాపకులను నియమించే పద్ధతిని చేపట్టింది. ఎంపిక పెరిగినకొద్దీ తప్పుటెంపికకు అవకాశమూ పెరుగుతుందన్న గుర్తింపు ఈ పద్ధతికి మూలం. ఎలియట్ తరువాత హార్వర్డ్ అధ్యక్షుడైన లోవెల్ కాలంలో ఒక ప్రధాన విషయంలో లోతు, ఇతర విషయాలలో వ్యాప్తి ఉండాలన్న నియమం వచ్చింది. అపరిమిత స్వేచ్ఛకు హద్దులు ఏర్పడ్డాయి గాని, సలహాదారు అవసరం తగ్గలేదు. హద్దులను వివరించి చెప్పేవాడి అవసరం కొత్తగా ఏర్పడింది.

ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో విద్యాసలహా ఒక అధ్యయన విషయంగా రూపొందింది. 1972లో బర్న్స్ క్రూక్‌స్టన్ విద్యాసలహాను బోధనలో భాగంగా భావించాలని ప్రతిపాదించాడు. అదే సంవత్సరం టెర్రీ ఒబేనియన్ సలహా ప్రక్రియను అయిదు దశలుగా వివరించాడు: జీవిత లక్ష్యాల అన్వేషణ, వృత్తి లక్ష్యాల అన్వేషణ, ప్రోగ్రాం ఎంపిక, కోర్సుల ఎంపిక, కాలపట్టిక కూర్పు. 1979లో సలహాదారుల జాతీయ సంఘం ఏర్పడింది. ఒబేనియన్ క్రమంలో గమనించదగిన విషయం ఒకటుంది. మనం సాధారణంగా ‘రిజిస్ట్రేషన్’ అని పిలిచే కాలపట్టిక వ్యవహారం ఆయన క్రమంలో చివరి మెట్టు. తెలుగునాట ఈ అయిదు మెట్ల క్రమం ఏమైందో ఏడవ విభాగంలో చూడవచ్చు.

3. మెట్ల క్రమం గల శాస్త్రం

కంప్యూటర్ శాస్త్రానికి విద్యాసలహాతో ఇతర శాస్త్రాలకంటె దగ్గరి సంబంధం ఉండడానికి దాని పుట్టుకలోనే కారణాలున్నాయి. అమెరికాలో తొలి కంప్యూటర్ శాస్త్ర విభాగం 1962లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. గణితం, విద్యుత్ ఇంజనీరింగ్ శాఖల నుంచి వచ్చిన అధ్యాపకులతో నడిచిన తొలి విభాగాలకు ‘ఈ శాస్త్రంలో డిగ్రీ విద్యార్థి ఏమి చదవాలి’ అన్నది నిజమైన సమస్య. దానికి సమాధానంగా కంప్యూటింగ్ వృత్తిసంఘమైన ఏసీఎం 1968 మార్చిలో ‘కరికులం 68’ అనే నమూనా పాఠ్యప్రణాళికను ప్రకటించింది.

ఆ పత్రం 22 కోర్సులను మూడు శ్రేణులలో అమర్చింది. బీ1 నుంచి బీ4 వరకు ప్రాథమిక కోర్సులు, ఐ1 నుంచి ఐ9 వరకు మాధ్యమిక కోర్సులు, ఏ1 నుంచి ఏ9 వరకు ఉన్నత కోర్సులు. వివిక్త నిర్మాణాల గణితం బీ3. దత్తాంశ నిర్మాణాలు ఐ1. కంపైలర్ నిర్మాణం ఐ5. కృత్రిమ మేధ ఏ9. ఏ కోర్సుకు ముందు ఏది పూర్తి చేయాలో చూపే పటం ఈ ప్రణాళికలో కీలకభాగం. డిగ్రీ విద్యార్థి అన్ని కోర్సులూ చదవనవసరం లేదు. పునాది పూర్తయిన తరువాత తన అభిరుచి మేరకు పైశ్రేణిలో దారి ఎంచుకోవచ్చు. పునాది ఉమ్మడిది, శిఖరం ఐచ్ఛికం అన్నది ఈ నిర్మాణసూత్రం.

దీనివల్ల రెండు పర్యవసానాలు కలిగాయి. మొదటిది, కింది మెట్టు బలహీనమైతే దాని ప్రభావం పై మెట్లన్నింటిపైనా పడుతుంది. దత్తాంశ నిర్మాణాలు సరిగా రాని విద్యార్థికి ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, కంపైలర్లు మూడూ ఒకేసారి కఠినమవుతాయి. మూడు సబ్జెక్టులలో తప్పినవాడిగా కనిపించే విద్యార్థి నిజానికి ఒక్కదానిలోనే తప్పి ఉండవచ్చు. మార్కుల జాబితాలో ఈ సంగతి కనిపించదు. విద్యార్థి గత సెమిస్టర్లను ఎరిగిన అధ్యాపకుడికి మాత్రమే కనిపిస్తుంది. రెండవది, ఈ శాస్త్రపు పాఠ్యప్రణాళిక నిలకడగా ఉండదు. 1978, 1991, 2001, 2013, 2023 సంవత్సరాల పేర్లతో నమూనా ప్రణాళికలు వెలువడుతూ వచ్చాయి. నిన్నటి ఐచ్ఛికం నేటి ప్రధాన కోర్సు కావచ్చు. నిన్నటి ప్రధాన కోర్సు కనుమరుగు కావచ్చు. అనలాగ్ కంప్యూటింగ్‌కు 1968 ప్రణాళికలో ఉన్న స్థానం నేడు లేదు. ఇలాంటి రంగంలో ముందు తరం విద్యార్థి అనుభవం తరువాతి తరానికి పూర్తిగా సరిపోదు. సీనియర్ల సలహా ఆత్మీయమైనదే గాని, అది ఎల్లప్పుడూ నిన్నటి పటం ఆధారంగా ఉంటుంది.

4. భారతదేశంలో కోర్సు నమోదు: కాన్పూర్, పిలానీ

అమెరికన్ నమూనా భారతదేశంలోని ఇంజనీరింగ్ విద్యలోకి ప్రధానంగా రెండు మార్గాలలో ప్రవేశించింది. కాన్పూర్ ఐఐటీకి 1962 నుంచి 1972 వరకు తొమ్మిది అమెరికన్ విద్యాసంస్థల సమాఖ్య సహకరించింది. ఆ తొమ్మిదింటిలో పర్డ్యూ ఒకటి. 1963లో అక్కడ ఐబీఎం 1620 కంప్యూటర్‌ను నెలకొల్పారు. దేశంలో కంప్యూటర్ బోధన విస్తృతంగా మొదలైనది ఆ యంత్రం చుట్టూనే. వి. రాజారామన్ వంటి అధ్యాపకులు అక్కడి బోధనానుభవంతో రాసిన పాఠ్యపుస్తకాలు తెలుగు ప్రాంతపు కళాశాలలతోసహా దేశమంతటా చేరాయి. 1978లో కాన్పూర్‌లో కంప్యూటర్ శాస్త్రంలో బీటెక్ మొదలైంది. యంత్రంతోపాటు అక్కడికి సెమిస్టర్ పద్ధతి, కోర్సుల వారీ నమోదు, అక్షర గ్రేడ్లు, బోధించిన అధ్యాపకుడే మూల్యాంకనం చేసే పద్ధతి కూడా చేరాయి. 1964లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన పిలానీలోని బిట్స్ సంస్థకు ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో ఎంఐటీ సహకారం లభించింది. అక్కడ సైతం సెమిస్టర్ ఆరంభంలో విద్యార్థి కోర్సులను నమోదు చేసుకొనే సంప్రదాయం బలపడింది.

ఈ సంస్థలలో కోర్సు నమోదు సాధ్యం కావడానికి ముఖ్యకారణం ఒకటి ఉంది: బోధించేవారు, ప్రశ్నపత్రం రూపొందించేవారు, పట్టా ఇచ్చేవారు ఒకే సంస్థకు చెందినవారు. పదిమంది విద్యార్థులు ఒక కోర్సు కోరినా దానిని నడపాలో వద్దో ఆ సంస్థే నిర్ణయించుకోగలదు. హైదరాబాదులో 1998లో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీ, 2008లో వచ్చిన ఐఐటీ, బిట్స్ ప్రాంగణాలు ఇదే కోవకు చెందినవి. అంటే నేటి తెలుగు ప్రాంతంలో రెండు సంప్రదాయాలు పక్కపక్కనే ఉన్నాయి. తెలుగు విద్యార్థులలో అత్యధికులు చదివేది మాత్రం రెండో సంప్రదాయంలో.

5. ‘రెగ్యులేషన్’ అనే గుర్తింపు

అనంతపురం, కాకినాడ, హైదరాబాదు కళాశాలలను కలిపి 1972 అక్టోబరు 2న జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1990ల చివరినుంచి విస్తరించిన ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలలో అధికభాగం దాని అనుబంధ కళాశాలలుగా చేరాయి. 2008లో అది హైదరాబాదు, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. వందలాది కళాశాలలకు ఒకే పాఠ్యప్రణాళిక, ఒకే ప్రశ్నపత్రం, ఒకే పరీక్ష తేదీ. పట్టా విలువ అన్ని కళాశాలలలోనూ సమానంగా ఉండాలన్న న్యాయమైన ఆశయం దీని వెనుక ఉంది. కళాశాలల నాణ్యతలో తేడా ఎంత ఎక్కువైతే ఉమ్మడి పరీక్ష అవసరం అంత ఎక్కువగా కనిపిస్తుంది. కాని ఉమ్మడి పరీక్ష ఉన్నంతవరకు ఐచ్ఛికాలు పరిమితంగానే ఉంటాయి. నాలుగో సంవత్సరంలో ఉండే కొన్ని ఐచ్ఛికాలలో సైతం తరగతి మొత్తానికి ఒకటి నిర్ణయించడం కళాశాలకు సులభమైన మార్గం.

ఎంపిక అంతా అంతకుముందే, ప్రవేశ సమయంలో ముగుస్తుంది. 1983 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థల ప్రవేశాల క్రమబద్ధీకరణ, క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ఉమ్మడి ప్రవేశ పరీక్షకు బలమైన పునాది వేసింది. డబ్బు, పలుకుబడి స్థానంలో ర్యాంకును నిలిపిన సంస్కరణ అది. దాని సామాజిక విలువను తక్కువ చేయలేము. ఎంసెట్ తొలిదశ కౌన్సెలింగ్‌లో ర్యాంకు పిలిచినప్పుడు విద్యార్థి తల్లిదండ్రులతో హాలులోకి వెళ్లి, అప్పటికి మిగిలి ఉన్న సీట్లు చూసి, కొద్ది నిమిషాలలో కళాశాలను, శాఖను నిర్ణయించుకొనేవాడు. తరువాత వెబ్ ఆప్షన్లు వచ్చాయి. హాలు పోయి తెర వచ్చింది. హెల్ప్‌లైన్ కేంద్రంలో ధ్రువపత్రాల పరిశీలన మిగిలింది. న్యాయంగా పంచడమే లక్ష్యమైన ప్రక్రియలో సలహాకు స్థానం ఉండదు. ఆ ప్రక్రియకే కౌన్సెలింగ్ అన్న పేరు స్థిరపడడంతో, సలహా అనే పని ఒకటి వేరుగా ఉందన్న స్పృహ కూడా మసకబారింది.

ఒకసారి కేటాయించిన శాఖ హాల్‌టికెట్ నంబరులో భాగమవుతుంది. జేఎన్‌టీయూ సంప్రదాయంలో 05 కంప్యూటర్ సైన్స్‌కు, 12 ఐటీకి గుర్తు. దానితోపాటు విద్యార్థికి మరొక గుర్తింపు ఏర్పడుతుంది. అది ‘రెగ్యులేషన్’. ఆర్05, ఆర్07, ఆర్09, ఆర్13, ఆర్16, ఆర్18, ఆర్22 అంటూ, ప్రవేశపెట్టిన సంవత్సరాన్ని బట్టి నిబంధనావళులకు పేర్లున్నాయి. ‘నాది ఆర్13’ అని విద్యార్థి చెప్పుకొనే తీరులో తాను ఎంచుకున్న కోర్సుల ప్రస్తావన ఉండదు. తాను ఏ నిబంధనల కింద ఉన్నాడన్నదే ఉంటుంది.

సాఫీగా సాగిపోయే విద్యార్థికి ఈ వ్యవస్థలో సలహాదారు లేని లోటు తెలియకపోవచ్చు. ఆగిపోయినవాడికి తెలుస్తుంది. హాజరు 65 శాతానికి తగ్గినవాడు, క్రెడిట్లు చాలక డిటెయిన్ అయినవాడు తిరిగి చేరేసరికి కొత్త రెగ్యులేషన్ అమలులోకి వచ్చి ఉండవచ్చు. తాను పూర్తిచేసిన సబ్జెక్టులలో ఏవి కొత్త ప్రణాళికలోని వేటికి సమానం, ఏవి అదనంగా రాయాలి, బ్యాక్‌లాగ్‌లలో ఏది ముందు పూర్తిచేస్తే మిగిలినవి సులువవుతాయి అన్నవి నిజమైన విద్యాసలహా ప్రశ్నలు. వీటికి సమాధానాలు పరివర్తన నిబంధనలలో, సమాన సబ్జెక్టుల పట్టికలలో ఉంటాయి. వాటిని చదివి చెప్పగలిగినవారు సాధారణంగా పరీక్షల విభాగపు గుమాస్తాలే. వారు చెప్పేది పట్టా పొందడానికి దారి; చదువు కొనసాగించడానికి దారి చూపడం వారి పని కాదు. ఇంట్లో మొదటిసారి కళాశాలకు వచ్చిన విద్యార్థికి ఈ తేడా చెప్పగల బంధువు కూడా ఉండడు.

6. నిబంధనలో సలహాదారు: ఆర్16, ఆర్18

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2014–15లో ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానాన్ని ముందుకు తెచ్చింది. జేఎన్‌టీయూ హైదరాబాదు 2016–17 నుంచి ఆర్16 పేరుతో ఆ విధానాన్ని స్వీకరించింది. 2018 జనవరిలో అఖిల భారత సాంకేతిక విద్యామండలి నమూనా పాఠ్యప్రణాళిక బీటెక్‌ను 160 క్రెడిట్లకు తగ్గించగా, ఆర్18 ఆ సంఖ్యను అనుసరించింది. ఎనిమిది సెమిస్టర్లకు సగటున 20 క్రెడిట్లు. ఈ నిబంధనావళులలోని కోర్సు నమోదు అధికరణం తెలుగునాట విద్యాసలహా చరిత్రలో ముఖ్యమైన పత్రం.

దాని సారాంశం ఇది. ప్రతి ఇరవైమంది విద్యార్థులకు ఒక సలహాదారు అధ్యాపకుడిని నియమించాలి. పాఠ్యక్రమం, ఐచ్ఛికాల విషయంలో విద్యార్థి సామర్థ్యం, ప్రగతి, ముందు పూర్తి చేయవలసిన కోర్సులు, అభిరుచి అనే ప్రమాణాలతో ఆయన సలహా ఇవ్వాలి. ఆయన రాతపూర్వక ఆమోదం పొందిన తరువాతనే విద్యార్థి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. నమోదు ముందు సెమిస్టర్ పరీక్షలు మొదలయ్యేలోగా పూర్తికావాలి. సగటున 20 క్రెడిట్లు, కనిష్ఠం 16, గరిష్ఠం 24. క్రూక్‌స్టన్ తరువాత విద్యాసలహాకు చెప్పుకున్న లక్షణాలలో చాలావరకు ఈ కొద్ది వాక్యాలలో ఉన్నాయి. ఆదర్శంగా చూస్తే ఇది లోపం లేని అధికరణం.

అయితే దాని పక్కనే ఉన్న మరొక అధికరణాన్ని కలిపి చదవాలి. సెక్షన్ సాధారణ బలం 60. ఒక కోర్సును నడపాలంటే కనీసం 20 మంది, అంటే సెక్షన్‌లో మూడోవంతు, దానిని కోరాలి. ఒక సెక్షన్‌లో గరిష్ఠంగా 80 మంది ఉండవచ్చు. ఈ రెండింటినీ కలిపి లెక్కిస్తే, ఒకే సెక్షన్ ఉన్న శాఖలో ఒక ఐచ్ఛిక స్థానంలో ఏకకాలంలో మూడుకు మించి కోర్సులు నడవలేవు. ఆ మూడు నడవాలన్నా విద్యార్థులు సరిగ్గా ఇరవై చొప్పున విడిపోవాలి. ఊహాత్మకంగా నాలుగు ఐచ్ఛికాలను 25, 17, 10, 8 మంది కోరారనుకుంటే నిబంధన ప్రకారం నడిచేది ఒక్కటే. మిగిలిన 35 మంది ఎంపిక మార్చుకోవాలి. ఎనిమిదిమంది కోరిన కోర్సును సలహాదారు ఎంత బాగా ఆలోచించి సూచించినా ఆ సలహా నెరవేరదు. ఒక అధికరణం సలహాను వ్యక్తి అవసరం మీద నిలిపితే, పక్క అధికరణం ఫలితాన్ని గుంపు సంఖ్య మీద నిలిపింది. ఇటువంటి చోట సలహాదారు ఆమోదం సంతకంగా కుదించుకుపోవడానికి అధ్యాపకుల ఉదాసీనత కంటె ఈ నిర్మాణమే పెద్ద కారణం.

ఇదే లెక్కను తిప్పి చూస్తే మరొక సంగతి బయటపడుతుంది. నాలుగు సెక్షన్లతో 240 మంది విద్యార్థులున్న కంప్యూటర్ శాఖలో, అదే నిబంధన కింద ఒక ఐచ్ఛిక స్థానంలో పన్నెండు కోర్సుల వరకు నడపవచ్చు. కంప్యూటర్ శాఖలు పెరిగిన తీరు చూస్తే చాలా కళాశాలలకు ఈ అవకాశం ఉంది. దానికి కావలసింది సెక్షన్ గోడలను దాటే కాలపట్టిక: నాలుగు సెక్షన్ల ఐచ్ఛిక గంట ఒకే సమయంలో ఉండాలి. అడ్డంకి నిబంధనలో కంటె కాలపట్టికలో ఎక్కువగా ఉందని దీనివల్ల తేలుతుంది.

సలహాదారు సమయం విషయంలోనూ ఇలాంటి లెక్కే ఉపయోగపడుతుంది. 2018–19 నుంచి సాంకేతిక విద్యామండలి విద్యార్థి–అధ్యాపక నిష్పత్తిని 15:1 నుంచి 20:1కి మార్చింది. అంటే శాఖలోని ప్రతి అధ్యాపకుడూ లెక్క ప్రకారం ఒక ఇరవైమంది బృందానికి సలహాదారు కావాలి. సెమిస్టర్‌కు ఒక్కొక్క విద్యార్థితో అరగంట మాట్లాడితే మొత్తం పది గంటలు. వారానికి మూడు గంటల కోర్సు బోధనతో పోలిస్తే ఇది దాదాపు మూడు వారాల పని. అసాధ్యమైన భారం కాదు. కాని కోర్సు నమోదు అధికరణం విద్యార్థుల సంఖ్యను చెప్పింది గాని సమయాన్ని చెప్పలేదు. కాలపట్టికలో గంట లేని పనిని మన కళాశాలలలో పనిగా లెక్కించరు.

7. మళ్లీ ప్రవేశ ద్వారానికి జరిగిన ఐచ్ఛికం

నిబంధనలు ఎంపికను డిగ్రీ లోపలికి తేవడానికి ప్రయత్నించిన దశాబ్దంలోనే దానికి వ్యతిరేక దిశలో మరొక పరిణామం జరిగింది. 2020–21 నుంచి కంప్యూటర్ సైన్స్‌లో కృత్రిమ మేధ–మెషిన్ లెర్నింగ్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ వంటి పేర్లతో ప్రత్యేక శాఖలు తెలుగు రాష్ట్రాల కళాశాలలలో పెద్ద ఎత్తున మొదలయ్యాయి. అంతకుముందు మూడో, నాలుగో సంవత్సరాలలో ఐచ్ఛికాలుగా తీసుకోదగిన ప్రత్యేకాంశాలు ఇప్పుడు వెబ్ ఆప్షన్ల జాబితాలో శాఖలుగా నిలిచాయి.

1968 ప్రణాళికతో పోల్చితే ఈ మార్పు స్వభావం స్పష్టమవుతుంది. అక్కడ కృత్రిమ మేధ ఉన్నత శ్రేణిలో ఉంది. వివిక్త గణితం, దత్తాంశ నిర్మాణాల పునాది తరువాత, ఆసక్తి ఉన్నవారు చేరుకొనే చోటు అది. ఇక్కడ ఇంటర్మీడియట్ ముగించిన పదిహేడేళ్ల విద్యార్థి, పునాది కోర్సు ఒక్కటీ చూడకముందే దానిని ఎంచుకుంటున్నాడు. యాభై ఏళ్లలో కృత్రిమ మేధ శాస్త్రంగా ఎంతో ఎదిగింది. దానిని ముందుగా పరిచయం చేయడంలో తప్పు లేదు. పరిచయం వేరు, మార్చుకోరాని ఎంపిక వేరు. కళాశాలలోపల శాఖ మార్చుకొనే ‘ఇంటర్నల్ స్లైడింగ్’ సైతం తరగతులు ఊపందుకోకముందే, ప్రవేశ ప్రక్రియలో భాగంగానే ముగుస్తుంది.

ఒబేనియన్ అయిదు మెట్లను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. జీవిత లక్ష్యం, వృత్తి లక్ష్యం, ప్రోగ్రాం, కోర్సు, కాలపట్టిక అన్న క్రమంలో తెలుగు విద్యార్థి మూడో మెట్టు నుంచి మొదలవుతున్నాడు. నాలుగు, అయిదు మెట్లను విశ్వవిద్యాలయం, కళాశాల నిర్ణయిస్తున్నాయి. మొదటి రెండు మెట్లు చివరి సంవత్సరంలో ప్రాంగణ నియామకాలు మొదలైనప్పుడు ఎదురవుతున్నాయి. సలహా అత్యవసరమైన మూడో మెట్టు వద్ద కళాశాల ఇంకా అతనిది కాదు. కళాశాల అతనిదయ్యాక సలహా ఇవ్వడానికి ఎంపిక మిగలదు. ఈ రెండింటి నడిమి ఖాళీలోకి బంధువులు, సీనియర్లు, కళాశాలల ప్రచార ప్రతినిధులు ప్రవేశించారు. వారిలో చివరివారికి విద్యార్థి ఎంపికలో సొంత ప్రయోజనం ఉంటుంది.

సాధారణ డిగ్రీలోనూ పోలిక కనిపిస్తుంది. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ లేదా గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ అనే మూడు సబ్జెక్టుల ‘గ్రూపు’ దీర్ఘకాలం విద్యార్థి చదువును నిర్ణయించింది. తెలంగాణలో 2016లో వచ్చిన ‘దోస్త్’ ప్రవేశాలను ఆన్‌లైన్ చేసింది. ఆంధ్రప్రదేశ్ 2023–24లో మూడు సబ్జెక్టుల స్థానంలో ఒకే ప్రధానాంశం, దానికి తోడు మైనర్ అనే విధానాన్ని తెచ్చింది. మూడు సబ్జెక్టుల గ్రూపులో ఒకటి నచ్చకపోయినా మరొక దానిలో పైచదువుకు వెళ్లే వీలుండేది. ఒకే ప్రధానాంశంలో లోతు పెరుగుతుంది గాని తొలి ఎంపిక బరువు కూడా పెరుగుతుంది. బరువు పెరిగిన చోట సలహా అవసరం పెరగాలి.

2021 జులైలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ప్రకటించిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు, ‘స్వయం’ ఆన్‌లైన్ కోర్సుల క్రెడిట్లు, అదనపు క్రెడిట్లతో ఆనర్స్ లేదా మైనర్ పొందే వీలు ఎంపికను ఇంకా విస్తరింపజేశాయి. క్రెడిట్‌ను భద్రపరిచే వ్యవస్థ ఏర్పడింది. ఏ క్రెడిట్ ఎవరికి ఎందుకు పనికివస్తుందో చెప్పే వ్యవస్థ దానితోపాటు ఏర్పడలేదు. ఎలియట్ కాలపు అనుభవం ఇక్కడ వర్తిస్తుంది: ఎంపిక పెరిగి సలహా పెరగనప్పుడు, సమాచారం ఉన్న కుటుంబాల పిల్లలకు అది స్వేచ్ఛగా, లేని కుటుంబాల పిల్లలకు ప్రమాదంగా పరిణమిస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. విద్యాసలహా ఐచ్ఛిక విధానానికి జతగా పుట్టింది. ఉమ్మడి పరీక్ష ఆధారంగా నడిచిన భారతీయ అనుబంధ విశ్వవిద్యాలయాలలో దానికి చారిత్రకంగా స్థానం ఏర్పడలేదు.

2. తెలుగు ప్రాంతంలో ‘కౌన్సెలింగ్’ సీటు కేటాయింపుగా, ‘రిజిస్ట్రేషన్’ పరీక్ష నమోదుగా అర్థం మారడం ఈ చరిత్ర ఫలితం.

3. కంప్యూటర్ శాస్త్రం మెట్ల క్రమం గలది, త్వరగా మారేది. పునాదిలోని ఒక లోటు అనేక వైఫల్యాలుగా కనిపిస్తుంది. దానిని గుర్తించడం విద్యాసలహాలో ప్రధానమైన పని.

4. ఆర్16, ఆర్18 నిబంధనావళులు సలహాదారును స్పష్టంగా నిర్వచించాయి. అరవైమంది సెక్షన్, ఇరవైమంది కనీస సంఖ్య, కాలపట్టికలో సలహాకు గంట లేకపోవడం అన్న మూడు కారణాలు ఆ నిర్వచనాన్ని సంతకానికి పరిమితం చేయగలవు.

5. 2020 తరువాతి ప్రత్యేక శాఖలు ఐచ్ఛికాన్ని తిరిగి ప్రవేశ దశకు జరిపాయి. దీనివల్ల ఎక్కువ నష్టపోయేది కుటుంబంలో మొదటితరం విద్యార్థి.

కొత్త నిబంధనలు రాయవలసిన అవసరం కంటె ఉన్నవాటిని నిజం చేయవలసిన అవసరమే ఎక్కువ. కంప్యూటర్ శాఖలన్నింటికీ మొదటి రెండు సంవత్సరాలు ఉమ్మడి పునాదిగా ఉంచి, ప్రత్యేకాంశపు తుది ఎంపికను మూడో సంవత్సరానికి జరపడం. పెద్ద శాఖలలో ఐచ్ఛిక గంటను అన్ని సెక్షన్లకూ ఒకే సమయంలో ఉంచడం. సలహా గంటలను అధ్యాపకుల పనిభారంలో లెక్కించడం అన్నవి అధ్యాపక మండలులు, పాఠ్యప్రణాళికా సంఘాలు చర్చించదగినవి. డిటెయిన్ అయి తిరిగి చేరిన విద్యార్థితో మొదటి సలహా సమావేశం జరపడం వీటన్నింటికంటె ముందు, ఏ అనుమతీ అక్కరలేకుండా, ఒక శాఖ తనంతట తాను మొదలుపెట్టగల పని.